పాయకు తిరిగిచ్చినది

మా తమ్ముడి కాలు మోకాలి దాకా తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు మా అమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

“తీసిన కాలు ఏం చేత్తారు బాబూ?”

ఆ డాక్టరు కుర్రవాడు. అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. కాసేపు తడబడి, “కాల్చేస్తామమ్మా. ఆస్పత్రిలో అలాంటివన్నీ కాల్చేస్తారు” అన్నాడు.

“మనిషి బతికుండగా ఆడి ఒంటి ముక్క కాల్చేత్తారా? కాల్చడం సచ్చినోళ్లకి కదా.”

నాకు ఒళ్లు మండింది. అక్కడ కొడుకు ప్రాణం మీదికొచ్చి ఉంటే ఈవిడకు ఆచారం కావలసి వచ్చింది. “నోర్ముయ్యవే అమ్మా” అన్నాను, అందరి ముందూ. ఆవిడ నోరు మూసుకుంది. ఆ మాట నేను గుమ్మం దాటేలోపే మరిచిపోయాను.

మా తమ్ముడు మరిడయ్య మడ అడవిలో మండపీతలు పడతాడు. పాటు వేళ పాయలో నీళ్లు సముద్రంలోకి తగ్గిపోయాక బురదలోకి దిగి, అరికాలితో తడుముకుంటూ పీత బొరియ ఎక్కడుందో పసిగడతాడు. మా వాళ్లంతా అంతే. బూట్లు వేసుకుంటే కాలికి కళ్లు పోతాయంటారు. ఆ కాలే ఈసారి చెట్టు వేరుకు పట్టిన ఆల్చిప్ప అంచుకు తెగింది. మా ఊళ్లో అలా తెగనిది ఎవరికి? పసుపు అద్దుకుని మర్నాడు మళ్లీ దిగేవాళ్లు. అది మా తాతల నాటి సంగతి. ఇప్పుడా పాయలోకి రొయ్యల చెరువుల నీళ్లు వస్తాయి, చెరువుల్లో గుమ్మరించిన మందులతో సహా. పట్నం మురుగు వస్తుంది. ఎగువన ఫ్యాక్టరీలు కడిగిన నీళ్లు రాగినీ, జింకునూ, పాదరసాన్నీ మోసుకొస్తాయి. ఇన్ని విషాల మధ్య కాపురం చేయడం నేర్చుకున్న బ్యాక్టీరియా ముందు ఆస్పత్రి మందులు ఏ మూలకు? ఉన్న మందులన్నీ ఎక్కించారు. జ్వరం దిగలేదు. కాలు తీసినా అది పైకి పాకదని పూచీ లేదని డాక్టరే ఒప్పుకున్నాడు.

మరిడయ్య భార్య లోవమ్మ నా చెయ్యి పట్టుకుంది. “వదినా, నువ్వు సదివింది ఈ సదువే కదా. ఏదో ఒకటి సెయ్యి.”

చేయడానికి నా దగ్గర ఒకటుంది. అదే నా భయం.

*

మా ల్యాబు పెద్ద, ముక్తేశ్వరరావు గారు, నేను చెప్పిందంతా విని లేచి, గాజుతొట్టి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

ఆ తొట్టిలో మా పాయ నుంచే తెచ్చిన బురద ఉంది. అందులో ఒక నల్లమడ మొక్కా, నాలుగు చిన్న పీతలూ ఉండేవి. మొక్క ఇప్పుడు ఆకులు రాల్చి మోడైంది. పీతలు పై మూతకు అతుక్కుని చచ్చిపోయాయి. బురదకు దూరంగా, ఎంత పైకి ఎక్కగలిగితే అంత పైకి ఎక్కి చచ్చాయి.

వాటిని చంపింది మేం తయారుచేసిన వైరస్. పేరు ‘మరపు’. పేరు పెట్టింది సారే. మందులను ఓర్చుకునే విద్య బ్యాక్టీరియాకు ఒక డీఎన్‌ఏ తునకలో ఉంటుంది. అది ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. పెళ్లివారు తాంబూలాలు మార్చుకున్నట్టు బ్యాక్టీరియా ఆ ఉంగరాలను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. మరపు మనిషి జోలికి రాదు. బ్యాక్టీరియాలో దూరి, ఉంగరాన్ని తుంచి, అక్కడే పిల్లలను పెట్టి పక్కదానికి పాకుతుంది. విద్య మరిచిపోయిన బ్యాక్టీరియా పాతకాలం మాత్రకు కూడా చస్తుంది. ఇంతవరకూ అద్భుతం. కానీ రాగినీ పాదరసాన్నీ తట్టుకునే విద్య కూడా ఆ ఉంగరంలోనే ఉందని మాకు ఈ తొట్టి చెప్పింది. అది పోగానే బురదలోని బ్యాక్టీరియా మొత్తం ఆ విషాలకు చచ్చింది. రాలిన ఆకును మట్టి చేసేవాళ్లు లేరు. కింద కుళ్లు గాలి పేరుకుంది. మిగతాది పీతలు చెప్పాయి.

“ఒక్క మనిషికి సార్. ఒక్క చుక్క,” అన్నాను.

“మనిషికి వేస్తే మనిషిలోనే ఉండిపోతుందా నూకరత్నం? చీము, కట్టు, ఒళ్లు కడిగిన నీళ్లు, ఇవన్నీ ఎక్కడికి పోతాయి? తిరిగి తిరిగి మీ ఊరి పాయకే కదమ్మా.”

“ఏదీ గడప దాటనివ్వను. అన్నీ కాల్చేస్తాను.”

“నీ తమ్ముడు కాకపోతే అడిగేదానివా?”

“అడిగేదాన్ని కాదు,” అన్నాను. అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు నాకు.

ఆయన ఆ చచ్చిన పీతల వంక చూశారు. “నేనీ మందు కనిపెట్టింది వీటిని చంపడానికైతే కాదు. తీసుకురా మీవాణ్ణి,” అన్నారు.

*

ఆస్పత్రివాళ్లను ఒప్పించడం పెద్ద రామాయణం. ఎలాగూ పోయే కాలే కదా అని చివరికి సరేనన్నారు. ల్యాబు వెనక గదిని ఆస్పత్రి గదిగా మార్చాం. అక్కడి నీళ్లు కాలువలోకి పోకుండా పీపాల్లోకి పట్టాం. కట్టు విప్పితే కొలిమిలోకి. దుప్పటి మారిస్తే కొలిమిలోకి. వాడు తిన్న విస్తరి కూడా కొలిమిలోకే. అమ్మా లోవమ్మా వంతులవారీగా వాడి దగ్గర కూర్చునేవాళ్లు. వాళ్లు బయటికొచ్చేముందు చేతులు, కాళ్లు, చీర కుచ్చెళ్లతో సహా నేనే తనిఖీ చేసేదాన్ని. అత్తగారిలా సతాయిస్తున్నానని లోవమ్మ నవ్వింది.

మరపు గాయంలోకి వెళ్లాక పాతకాలం మాత్రలే ఇచ్చాం, మా చిన్నప్పుడు దగ్గుకు ఇచ్చినలాంటివి. జ్వరం దిగింది. కాలి మీద ఊదారంగు వెనక్కి తగ్గడం కళ్లారా చూశాను. ఒక పొద్దున మరిడయ్య గదిలోంచే కేకేశాడు.

“అక్కా, నా ఉచ్చ కూడా కాల్చేత్తన్నావంట కదా. లోవ సెప్పింది.”

“నీ నోరు కూడా కాల్చేస్తాను. పడుకో.”

బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. నా తమ్ముడు వేళాకోళం ఆడుతున్నాడంటే బతికినట్టే.

అదే రోజు ముక్తేశ్వరరావు గారు నన్ను సూక్ష్మదర్శిని గదికి పిలిచారు. గాయం నుంచి తీసిన చీమును పెంచిన గాజుపళ్లెం ముందు పెట్టారు. పళ్లెమంతా శుభ్రంగా ఉంది, ఒక మూల చుక్క తప్ప. ఆవగింజంత.

“ఇది మరిచిపోలేదు,” అన్నారు. “దీని ఉంగరం ఎలాగో మారిపోయింది. మరపు కత్తికి తెగట్లేదు. ఏ మందుకూ చావట్లేదు.”

“మరిడయ్య ఒంట్లో ఇంకా ఉందా?”

“తోడు ఉన్నవన్నీ చచ్చాక, ఉన్న ఒకటి రెంటినీ వాడి ఒళ్లే చూసుకుంది. నిన్నటి చీములో లేదు. పరవాలేదు.”

“దీన్ని కాల్చేద్దాం సార్.”

“వద్దు. పగవాడి మొహం ఒకటి మన దగ్గర ఉండాలి.” దాన్ని చిన్న సీసాలో గడ్డకట్టించి, పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆయనకు ఏదీ పారేయడం చేతకాదు. విరిగిన కళ్లజోళ్లు కూడా సొరుగులో దాస్తారు.

ఆఖరి కట్టు విప్పిన రోజు గాయం మూతపడి, గులాబీ రంగు మచ్చ మిగిలింది. గదినంతా మళ్లీ కడిగించి, మళ్లీ పరీక్షించి, వాణ్ణి ఇంటికి పంపాం. మా అమ్మ ముక్తేశ్వరరావు గారి కాళ్లకు దండం పెట్టబోతే ఆయన కంగారుగా కుర్చీ వెనక్కి వెళ్లిపోయారు.

*

తర్వాత కొంతకాలం మామూలు బతుకు ఎంత బాగుంటుందో తెలిసింది. ఆదివారాలు ఊరెళ్లేదాన్ని. మరిడయ్య మెల్లిగా నడవడం, ఆ తర్వాత నావ తొయ్యడం మొదలుపెట్టాడు. బూట్లు కొనిచ్చాను. వాటిలో మట్టి పోసి లోవమ్మ కొత్తిమీర వేసింది.

ఒక మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

“అక్కా, రేపు రా. పీతలే పీతలు. బొరియలో సెయ్యి పెట్టే పనే లేదు. సెట్లెక్కి కూకున్నాయి, మామిడికాయలు కోసినట్టు కోసుకుంటన్నాం. గంగమ్మ సల్లగా సూసిందని ఊరంతా అనుకుంటన్నారు.”

తాగుతున్న టీ బల్ల మీద పెట్టేసి లేచాను.

“ఎవరినీ తిననివ్వకు. నేనొస్తున్నా.”

నావ పాయలోకి మలుపు తిరగకముందే కుళ్లిన గుడ్ల వాసన తగిలింది. పట్టపగలు మండపీతలు నల్లమడ కొమ్మల మీద బారులు తీరి కూర్చున్నాయి. మనిషి దగ్గరికెళ్లినా కదలడం లేదు. కిందకు దిగడం కన్నా బుట్టలో పడటమే మేలన్నట్టుంది వాటి వాలకం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడచెట్ల ఊపిరి వేళ్ల మీద తెల్లటి పొర పట్టింది. ఒడ్డున చెట్ల ఆకులు కాలం కాని కాలంలో పసుపెక్కాయి. ఆడవాళ్లు నవ్వుకుంటూ బుట్టలు నింపుతున్నారు. నాకు ఆ తొట్టి మూత కనబడింది. అదే తొట్టి, కాకపోతే ఈసారి అందులో మా ఊరుంది.

బురద తీసుకెళ్లి పరీక్షిస్తే మరపే. పాయ పొడుగునా మరపే.

అమ్మ అరుగు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

“అన్నీ కాల్చాను. ఒక్కొక్కటీ లెక్కచూసి కాల్చాను. ఏం చేశావే నువ్వు?”

ఆవిడ కత్తిపీట ఆపింది. దాచే మనిషి కాదు మా అమ్మ. అడిగితే చెబుతుంది.

“ఆకరి కట్టు ఇప్పినప్పుడు సిన్న గుడ్డ పీలిక ఒకటి జడలో సుట్టుకున్నాను. ఇంటికొచ్చాక పసుపు రాసి, కుంకం పెట్టి, పాయలో ఇడిసాను. రోగం పాయలోంచి వచ్చింది, పాయకే అప్పజెప్పాలి. మా అమ్మ అలాగే సేసింది, ఆవిడత్తా అలాగే సేసింది. నువ్వు బతికున్నోడి గుడ్డలు కాల్చేత్తన్నావు. ఆడికి కీడు కాదా? ఆస్పత్రిలో అడిగాను. నోర్ముయ్యమన్నావు. మరింక అడగలేదు.”

చేతులు, కాళ్లు, చీర కుచ్చెళ్లు చూశాను. జడ చూడలేదు. మా ఊరి ఆడది బయటికెళ్లేటప్పుడు విలువైనది ఏదైనా జడముడిలోనే దోపుకుంటుందని నాకు తెలీదా? నేనూ అలాగే పెరిగాను.

“ఏటైంది?” అంది అమ్మ. నా మొహం చూసి ఆవిడకు భయం పట్టుకుంది. “నూకా, ఏటైందే?”

చెప్పాను. ఆవిడ నమ్మలేదు, తర్వాత లేచి పాయ వైపు చూసింది, తర్వాత నమ్మింది. తల కొట్టుకోలేదు, ఏడవలేదు. చేపల చేతులతోనే గుమ్మంలో కూలబడి, “నా సేత్తో నేనే” అంది. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది. నాకు ఆవిణ్ణి చంపేయాలన్నంత కోపం, ఒళ్లో పెట్టుకోవాలన్నంత జాలి ఒకేసారి కలిగాయి. రెంటిలో ఏదీ చేయలేక నిలబడిపోయాను.

*

“బురదలోంచి మరపును ఏరేయడం మనవల్ల కాదు,” అన్నారు ముక్తేశ్వరరావు గారు. “దానికి లొంగని బ్యాక్టీరియా ఏదైనా ఉంటే…”

ఇద్దరం తాళం వేసిన పెట్టె వంకే చూస్తున్నాం.

మరిడయ్య కాలిలోంచి వచ్చిన ఆ ఆవగింజ. దాన్ని బురదలో పెంచితే అది తన ఉంగరాన్ని మిగతావాటికి పంచుతుంది. మరపు ఆ ఉంగరాన్ని తుంచలేదు. బ్యాక్టీరియా మళ్లీ రాగినీ పాదరసాన్నీ ఓర్చుకుంటాయి, ఆకు మట్టవుతుంది, చెట్టు ఊపిరి తీసుకుంటుంది. తొట్టిలో వేసి చూశాం. కొత్తగా వేసిన పీతలు బురదలోకి దిగి బొరియ తవ్వుకున్నాయి. అంత అందమైన దృశ్యం నా జన్మలో చూడలేదు. దాన్ని చూసి ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు.

“ఇది పాయలోకి వెళ్లాక,” అన్నారాయన నెమ్మదిగా, “అక్కడ ఎవరి కాలు తెగినా మనదగ్గర మందు ఉండదు. ఆస్పత్రి మందూ ఉండదు, మరపూ ఉండదు. నా ఇన్నేళ్ల పని ఆ బురదలో కలిసిపోతుంది.”

“వెయ్యకపోతే?”

“చెట్లు చస్తాయి. తుఫాను కాలం వస్తోంది. మీ ఊరికీ సముద్రానికీ మధ్య ఆ అడవి తప్ప ఇంకేముంది?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అనుమతి కోసం ఆయన పైకి రాశారు. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. ఈలోగా పాయ ఒడ్డు చెట్లు ఒక్కో వరసా మోడవుతున్నాయి. ఉద్యోగం పోతే పోయిందన్నారాయన. కానీ పాయలో దిగేది ఆయన కాళ్లు కాదు, నా కాళ్లూ కాదు. అందుకని చేపల పాకలో ఊరివాళ్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మరపు ఎలా వచ్చిందో కూడా చెప్పాలని అమ్మే పట్టుబట్టింది.

అందరికన్నా ముందు లేచింది లోవమ్మ.

“ముందు ఆ చెరువులోళ్లనీ, ఫ్యాక్టరీలోళ్లనీ ఆపండి. ఆళ్లు పోసిన ఇసానికి మేం కాళ్లు అప్పజెప్పాలా?”

“ఆపాలి. ఆ పోరు పోరాడదాం, నేనూ వస్తాను. అది తేలేసరికి అడవి ఉండదు లోవా.”

“మరి మా ఆయన కాలు మళ్లీ తెగితే?”

“మందు ఉండదు,” అన్నాను. అప్పుడు మరిడయ్య తన కాలు ముందుకు చాపి, ఆ మచ్చ వంక ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకున్నాడు.

“నా ఒక్క కాలు నిలబెట్టడానికి పాయ పోయింది,” అన్నాడు. “అడవి లేకపోతే వచ్చే తుపానుకి ఎవడి కాళ్లు మిగుల్తాయి? ఏసేద్దాం అక్కా.”

లోవమ్మ మొగుణ్ణి కొట్టబోయి, ఆగి, కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మాత్రం ఎవరూ వద్దనలేదు.

*

పాటు వేళ దిగాం. ఆ బ్యాక్టీరియాను పెంచిన బురదను మరిడయ్యా మిగతావాళ్లూ బుట్టలతో మోసుకెళ్లి బొరియల్లో కూరాలి. మొదటి బుట్ట నావలో ఉండగా అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆ గుడ్డ పీలిక సంగతి బయటపడ్డాక ఆవిడ నన్ను ఏదీ అడగడం మానేసింది. ఇప్పుడు అడిగింది.

“ఇది ఆడి కాలులోదేనా?”

“వాడి కాలులోదే.”

“పాయలోంచి వచ్చిందేనా?”

“అవునే.”

ఆవిడ రొంటిన కట్టుకున్న పొట్లం విప్పి, బుట్ట అంచుకు పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టింది. నా వైపు చూసింది, ఏమంటానో అని. నేను బుట్టను ఆవిడ వైపు జరిపాను. ముక్తేశ్వరరావు గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. అమ్మ రెండు దోసిళ్ల బురద తీసి పాయలో వదిలింది.

*

పసుపెక్కిన ఆకులు పోయి కొత్త చిగుళ్లు రావడానికి వానలన్నీ అయిపోవాల్సి వచ్చింది. ఒక తుఫాను వచ్చింది. ఒడ్డు వరస చెట్లు కొన్ని విరిగాయి కానీ అడవి ఆగింది, ఊరు ఆగింది. ముక్తేశ్వరరావు గారిని ల్యాబు నుంచి తీసేశారు. ఆయన ఇప్పుడు మా ఊళ్లో అద్దెకుంటూ, చెరువుల నీళ్లు సీసాల్లో పట్టి, చెరువులవాళ్ల మీదా ఫ్యాక్టరీల మీదా లోవమ్మ వేసిన కేసుకు సాక్ష్యాలు పోగుచేస్తున్నారు. ఆయనకు పులుసు వండిపెట్టే పని అమ్మది.

నిన్న పాటు వేళ నేను నావలో కూర్చున్నాను. మరిడయ్య బురదలో దిగాడు. నేను మళ్లీ కొనిచ్చిన కొత్త బూట్లు నావలోనే ఉన్నాయి. అవి వేసుకుంటే పీత దొరకదు, పీత దొరక్కపోతే పొయ్యి వెలగదు. ఈ సంగతి మీద వాడితో ఎన్నిసార్లు వాదించానో. మచ్చ ఉన్న కాలినే ముందు వేసి, కళ్లు సగం మూసుకుని, అరికాలితో తడుముతూ వెళ్తున్నాడు. ఒకచోట ఆగాడు. మొహం వెలిగింది.

“ఉందక్కా. బొరియలో ఉంది.”

వంగి, భుజం దాకా చెయ్యి పెట్టి, మండపీతను బయటికి లాగి నాకు చూపిస్తూ ఎత్తిపట్టాడు. డెక్కలు ఆడిస్తూ నల్లగా, బలంగా ఉంది. వాడు నవ్వుతున్నాడు.

నేను పీత వంక చూడలేదు.

“కాలు ఎత్తరా,” అన్నాను.

“ఏం కాలేదే.”

“ఎత్తు ముందు.”

వాడు విసుక్కుంటూ ఒక చేత్తో చెట్టు పట్టుకుని కాలెత్తాడు. నావలోంచి వంగి, దోసిలితో నీళ్లు పోసి బురద కడిగాను. మడమ, అరికాలు, వేళ్ల సందులు చూశాను. రెండో కాలు కూడా ఎత్తించి చూశాను.

రక్తం లేదు. ఈ పూటకు లేదు.